చాచా కంప్యూటర్‌కు నేను తెచ్చిన స్వరాజ్యం

ఆ రోజుల్లో సిద్దిపేటలో ఏ హోటల్లో చాయ్ తాగినా, ఏ సెలూన్లో తల వంచినా ఒకటే మాట వినపడేది: మన రాష్ట్రం మనకు కావాలి. పాత బస్టాండు దగ్గర దీక్షల టెంటు వేశారు. అందులో రోజుకో సంఘం వంతు. ఒకరోజు వకీళ్ళు కూర్చుంటే మర్నాడు దర్జీలు, ఆ మర్నాడు ఆటోవాళ్ళు. నేను కూడా అందరితో పాటు ఆ మాటే అనేవాణ్ణి గానీ, నా నోట దానికి తోక ఒకటి ఉండేది: మన కంప్యూటర్ కూడా మనకు కావాలి. మొదటి మాటకు ఊరంతా ఉంది. తోకకు మాత్రం సిద్దిపేట మొత్తం మీద నేను ఒక్కణ్ణే. అధ్యక్షుణ్ణీ నేనే, కార్యకర్తనూ నేనే, వినడానికి ఎవరూ రాకపోతే సభికుణ్ణీ నేనే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో మనిషికి మండిపడటానికి లోకంలో ఏదో ఒక అన్యాయం కావాలి. నాకు దొరికిన అన్యాయం ఆపరేటింగ్ సిస్టం.

నా సిద్ధాంతం చాలా సులువు. డబ్బు పెట్టి కొన్న విండోస్ అంటే కిరాయి ఇల్లు, గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. డబ్బు పెట్టకుండా దొంగ సీడీతో వేసుకున్న విండోస్ అంటే తాళం పగలగొట్టి దూరిన ఇల్లు. లినక్స్ అంటే సొంత జాగా, కావాలంటే గోడ పడగొట్టుకోవచ్చు, కిటికీ పెట్టుకోవచ్చు. (మేం అప్పుడు ఒకటిన్నర గది కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం కాబట్టి ఈ ఉదాహరణ నా నోట చాలా ఆవేశంగా పలికేది.) జిరాక్స్ కోసం వచ్చిన వాళ్ళకు కూడా ఇది చెప్పేవాణ్ణి. ర్యామ్ ఎంత ఉండాలి, ఏ ప్రాసెసర్ కొంటే మోసపోతారు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు అంటే ఏమిటి, అన్నీ. ఒకసారి చిన్నకోడూరు రైతు ఒకాయన తన భూమి పహాణీ నకలు తీయించుకోవడానికి వచ్చి, పాపం, నేను చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. చివరికి, "గదంత సరే గని బిడ్డా, నకలు తీస్తవా? బస్సు పోతది," అన్నాడు.

లినక్స్ సీడీ నాకు పోస్టులో వచ్చింది. ఎక్కడో దేశం కాని దేశం నుంచి, అడిగిన వాళ్ళందరికీ ఉచితంగా పంపేవాళ్ళు అప్పట్లో. పోస్టుమ్యాన్ ఆ కవరు మా బాపు (మేం నాన్నను బాపు అంటాం) చేతికి ఇచ్చాడు. బాపు తాళ్ళెక్కి కల్లు గీసేవాడు, మనుషుల మీద ఆయనకు ఒక అంచనా ఉంది. కవరును అటూ ఇటూ తిప్పి, "పైసలెంత ర?" అని అడిగాడు. ఉత్తగనే ఇస్తారని చెప్పాను. "ఉత్తగ ఎవడిస్తడు ర? ముందుగాల ఉత్తగ పోస్తరు, అలవాటు పడ్డంక పైసలడుగుతరు. మా కల్లుకాడ గూడ గంతే," అని కవరు నా మీద పడేసి పోయాడు. సాఫ్ట్‌వేర్ వ్యాపారం గురించి అంతకన్నా సూటైన మాట నేను ఇప్పటిదాకా వినలేదు గానీ, ఆ రోజు మాత్రం నా ఇంట్లోనే నాకు అర్థం చేసుకునే వాడు లేడే అని రెండు పూటలా ముఖం ముడుచుకుని తిరిగాను.

నేను పని చేసేది చాచా దగ్గర. చాచా నాకు చుట్టం కాదు, గల్లీ అంతటికీ చాచానే. ఆయన అసలు పని బోర్డులు రాయడం. సిద్దిపేటలో సగం దుకాణాల పేర్లు తెలుగులో, ఉర్దూలో ఆయన కుంచెతోనే రాసినవి. ఫ్లెక్సీలు వచ్చి కుంచెకు పని లేకుండా పోతే, ఉన్నదంతా పెట్టి రెండు కంప్యూటర్లు కొని, పెళ్ళి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్ తెరిచాడు. మౌస్‌ను కుంచెలాగే రెండు వేళ్ళతో పట్టుకునేవాడు, అది కదిలేది కాదు. అందుకే నన్ను పెట్టుకుని, వెనక నిలబడి, "జర కిందికి బేటా. ఇంక జర. బస్," అనేవాడు. పెళ్ళి కార్డుల కోసం ఆయన చేత్తో గీసిన గణపతి బొమ్మ ఒకటుండేది. తొండం ఒక్క గీతలో తిరిగేది. ఆ బొమ్మ మా సెంటర్‌కు ప్రాణం. అదే గణపతి మద్దూరు వైపు కార్డుల మీద కూడా కనపడుతున్నాడని తెలిసి, "నా గణపతి గాడికెట్ల పోయిండు?" అని చాచా కొన్నాళ్ళు ఊరంతా ఆరా తీశాడు.

మా కంప్యూటర్లకు వైద్యుడు ఫార్మాటన్న. చిన్నకోడూరు మనిషి. పాత మోపెడ్ మీద, భుజాన సంచీ నిండా దొంగ సీడీలతో చుట్టుపక్కల సెంటర్లన్నీ తిరిగేవాడు. ఏ కంప్యూటర్‌కు ఏ రోగం వచ్చినా ఆయన దగ్గర ఒకటే మందు, ఫార్మాట్. ఆయనను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి నలుగురి ముందు, "అన్నా, నువ్వు చేసేది దొంగతనం," అనేశాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. స్క్రూ బిగిస్తూనే, "దొంగతనమైతే వాళ్ళ సామాను వాళ్ళకాడ ఉండొద్దు గద తమ్మీ. ఆడిది ఆడనే ఉన్నది, ఈడిది ఈడ ఉన్నది," అన్నాడు. నాకు జవాబు మర్నాడు స్నానం చేస్తుంటే తట్టింది. అప్పటికే ఆయన వెళ్ళిపోయాడు.

ఇక ఈ కథకు అసలు మనిషి ఫేర్‌కాపీ సారు. రిటైరైన తెలుగు పంతులు. సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్ళలో జనం మాట్లాడే మాటలన్నీ ఏరి, అర్థాలు రాసి, అక్షరాల వరుసలో పుస్తకం చేస్తున్నాడు. ఎందుకు సార్ ఇంత కష్టం అని ఒకసారి అడిగితే, "సర్వీసు పొడుగూత పిల్లలు మన మాట రాస్తే ఎర్రసిరతోని సున్న చుట్టింది నేనే ర. గిప్పుడు గవన్నీ ఏరుకుంటున్న," అన్నాడు. టెంటులో పంతుళ్ళ వంతు ఒక సోమవారం పడింది. ఆ రోజు అక్కడే పుస్తకం విడుదల చేయాలని ఆయన పట్టు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. పట్నం దవాఖానలో ఆపరేషన్‌కు రమ్మంటున్నా, "పుస్తకం చూసుకున్నంకనే," అని వాయిదా వేస్తూ, భూతద్దం పట్టుకుని రోజూ పొద్దున్నే రెండు మూడు కాయితాలు తెచ్చేవాడు. నేను కంపోజ్ చేసి ప్రూఫు తీస్తే తప్పులు దిద్దేవాడు, దిద్దినవి సరిచేసి ఇస్తే మళ్ళీ చదివి, "ఫేర్ అయింది," అనేవాడు. ఆ మాట అనగానే తాను రాసుకొచ్చిన కాయితాన్నీ, తీసిన ప్రూఫులన్నింటినీ నాలుగు ముక్కలుగా చించి బుట్టలో వేసేవాడు. బడిలో పిల్లలకు నేర్పిన పద్ధతే అది. దాచుకోండి సార్ అని నేనొకసారి అంటే, "రఫ్ ఉంటే రెండు నిజాలుంటయ్ ర. ఏది నిజమో తెల్వక మనిషి ఆగమైతడు," అన్నాడు. ఆ విధంగా మూడు నెలల పాటు ఆ పుస్తకానికి ఉన్న ఒకే ఒక్క నిజం చాచా కంప్యూటర్‌లో ఉండిపోయింది. (నా దగ్గర ఒక పెన్‌డ్రైవ్ ఉన్న మాట నిజమే. దాని నిండా లినక్స్ ఉండేది.)

సారు చివరి అక్షరం 'హ' ముగించి, ఫేర్ అయిందని చించిన శనివారం నాడే ఊళ్ళో ఒక పుకారు లేచింది. దొంగ సాఫ్ట్‌వేర్ పట్టేవాళ్ళు హైదరాబాద్ నుంచి వస్తున్నారట, దొరికితే కంప్యూటర్లు ఎత్తుకుపోతారట. ఎవరు చెప్పారో తెలియదు, వచ్చిన వాళ్ళను చూసిన వాళ్ళూ లేరు. చాచా మాత్రం హడలిపోయాడు. నాకేమో లోలోపల పండగ. సమయం వచ్చిందనుకుని నా ఉపన్యాసం మొదలుపెట్టాను. చాచా సగంలోనే చేతులు జోడించి, "నీకేం తోస్తే గది చేస్కో బేటా. నాకు పరేషాన్ రావద్దు, గంతే," అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఎల్లుండి సోమవారం బంద్, పంతుళ్ళ వంతు ఆ పై సోమవారం. దుకాణాలు తెరవరు, గిరాకీ రాదు, అడ్డం చెప్పేవాళ్ళు ఉండరు. ఉద్యమకారుడికి అంతకన్నా మంచి ముహూర్తం ఏముంటుంది?

సోమవారం పొద్దున షట్టర్ సగం దించుకుని కూర్చున్నాను. బయట రోడ్డు మీద నినాదాలు, లోపల నేను. డీటీపీ కంప్యూటర్‌లో రెండు డిస్కులుండేవి. కొత్త దాంట్లో విండోస్, పాత దాంట్లో పనంతా. అంటే పెళ్ళి కార్డులు, గణపతి, సారు పుస్తకం. కొత్తది తుడిచేసి లినక్స్ వేద్దామని, పాతది ముట్టకూడదని నా పథకం. సీడీ పెట్టాను. తెర మీద మొత్తం డిస్కును తుడిచి వాడుకోమంటారా అన్న ప్రశ్న వచ్చింది. అక్కడ ఒక్క డిస్కే కనపడింది. ఒక్కటే ఎందుకుంది అని అర క్షణం అనుమానం వచ్చింది కూడా. కానీ నమ్మకం అనేది ఉంది చూశారూ, అది అనుమానం కన్నా వేగంగా వేలు కదిలిస్తుంది. లినక్స్ మర్యాద గల సిస్టం కదా, ముసలి డిస్కును ఇబ్బంది పెట్టలేదేమో అనుకుని అవునని నొక్కాను. కరెంటు పోకూడదని మాత్రం కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకున్నాను. కరెంటు పోలేదు. ఆ ఒక్కసారి పోయి ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

అంతా అయ్యాక పాత డిస్కు కోసం వెతికితే లేదు. మళ్ళీ చూశాను, లేదు. కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి లోపలికి చూశాను. పాత డిస్కు ఉండాల్సిన చోట దుమ్ము లేని నలుచదరపు జాగా, గాలిలో వేలాడుతున్న రెండు వైర్లు. చాచాకు ఫోన్ చేసి పాత డిస్కు ఎక్కడ అని అడిగాను. "గదా? కటకట చప్పుడు చేస్తుందని ఫార్మాటన్న తీస్కపోయిండు గద, నువ్వు కొమురెల్లి పోయినప్పుడు. అంత కొత్త దాంట్లనే రెండు పాళ్ళు చేసి ఏసిండు. నీకు చెప్పుడు మర్చిన. కైకు, ఏమైంది?" అన్నాడు చాచా. "ఏం కాలే చాచా," అన్నాను. ఫోన్ పెట్టేసి కింద కూలబడ్డాను. బయట నినాదాలు ఇచ్చేవాళ్ళు మా షట్టర్ ముందు నుంచే వెళ్ళారు. స్వరాజ్యం వచ్చిన వాడిలా ఉండాల్సిన నేను, ఇల్లు కాలిపోయిన వాడిలా ఉన్నాను.

మంగళవారం పొద్దున చాచాకు చెప్పక తప్పలేదు. నారింజ రంగు తెర చూసి, "ఏంది గీ రంగు, గోడకేసే రంగు లెక్క," అని నవ్వబోయినవాడు, విషయం వినగానే మొదట పెళ్ళి కార్డులన్నాడు, తర్వాత గణపతి అన్నాడు. సారు పుస్తకం కూడా అని నేను అనగానే స్టూలు మీద కూర్చుండిపోయాడు. "గా సార్ నాకు గూడ తెలుగు చెప్పిండు ర. బోర్డుల మీద తప్పు రాయకుంటనంటే గాయన పుణ్యమే," అన్నాడు. తిట్టలేదు. తిడితే కొంచెం తేలికయ్యేవాణ్ణి. ఫార్మాటన్నకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. "పో, ఆయన ఇంటికి పో. కాళ్ళు పట్టుకుంటవో ఏం పట్టుకుంటవో," అన్నాడు చాచా. నేను లేవబోతుండగానే సారు వచ్చాడు.

భూతద్దం జేబులో పెట్టుకుని, చేతిలో మొదటిసారి కాయితాలు లేకుండా వచ్చాడు. "ప్రెస్సుకు ఎప్పుడిస్తున్నవ్ ర?" అన్నాడు. శనివారం సార్ అన్నాను. "కంప్యూటర్ రంగేందో మారినట్టున్నది?" అన్నాడు. కళ్ళు సరిగా కనపడని మనిషికి కూడా ఆ రంగు కనపడింది. సాఫ్ట్‌వేర్ మారుస్తున్నాను సార్, కొత్తది, స్వేచ్ఛ ఉన్నది అని ఏదో గొణిగాను. "మంచిదే. నా పుస్తకానికేం గాలే గద?" అన్నాడు. "ఏం గాలే సార్," అన్నాను. చాచా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. సారు కుర్చీలో కూర్చుని, దవాఖాన నుంచి మళ్ళీ ఫోన్ వచ్చిందనీ, పై వారం వస్తానని చెప్పాననీ, ఇక ఆ కళ్ళతో రాయడం అయ్యే పని కాదనీ, ఆఖరి కాయితం రాస్తుంటే అక్షరాల మీద అక్షరాలు పడ్డాయనీ, ఎంతో సంతోషంగా చెప్పాడు. ఆయన సంతోషపడుతున్న కొద్దీ నేను కీబోర్డును గుడ్డతో తుడుస్తూ పోయాను. మా వైపు మాటల్లో భయానికి బుగులు అనే మాట ఉంది. సారు పుస్తకంలో దానికి రెండు పంక్తుల అర్థం నేనే కొట్టాను. అది చాలదని ఆ రోజు తెలిసింది.

దొంగ అన్న మనిషి గడప తొక్కడానికి ముఖం చెల్లక, ఆ సాయంత్రం, బుధవారం పొద్దున ఫోన్ చేస్తూనే ఉన్నాను, తగలలేదు. చివరికి సైకిల్ వేసుకుని చిన్నకోడూరు బయలుదేరాను. ఊరు దాటానో లేదో రాస్తారోకో. రోడ్డు నడుమ పొయ్యిలు పెట్టి, డేగిసాల్లో అన్నం, పప్పు వండుతున్నారు. వంటావార్పు. అర్జెంటు అన్నా, పోనీయండి అని బతిమిలాడితే, జెండా పట్టుకున్న ఒకాయన, "గింతకన్న అర్జెంటేముంది ర? కూసో," అని భుజం నొక్కి కూర్చోబెట్టాడు. గంటసేపు కూర్చున్నాను. లోపలి భయమంతా అటు తిరిగిందేమో, నినాదం ఇమ్మంటే ప్రాణం పోయేంత గట్టిగా ఇచ్చాను. "గిట్లుండాలె పోరడంటే!" అని ఆయన నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేయించాడు. ఆ పప్పు ఎట్లా మింగానో నాకే తెలుసు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి, పక్కన ఉన్న ముసలాయన నాది తెలంగాణ మీద ప్రేమ అనుకుని వీపు నిమిరాడు. (కాదని చెప్పే ధైర్యం లేదు. ప్రేమ ఉన్నమాట కూడా నిజమే కదా.)

ఫార్మాటన్న ఇంటి ముందు మోపెడ్ విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, "దొంగోనింటికి వచ్చినవేంది తమ్మీ?" అన్నాడు. దారి పొడవునా వల్లె వేసుకున్న క్షమాపణ ఒక్క ముక్క గుర్తు రాలేదు. "అన్నా, సారు పుస్తకం పోయింది," అని మాత్రం అనగలిగాను. జరిగింది విన్నాక ఆయన ముఖంలో వెటకారం పోయింది. పాత డిస్కు ఉందా అంటే, తుక్కు కింద అమ్మేశానన్నాడు. వెళ్ళిపోదామని సైకిల్ స్టాండు తీశాను. ఆయన మాత్రం లేవకుండా నూనె గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ, ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు నేల చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "చాచాకు చెప్పనని ఒట్టెయ్యి," అన్నాడు. వేశాను. "డిస్కు మార్చిన్నాడు మీ ఫైళ్ళన్నీ నా దాంట్ల గూడ ఒక కాపీ కొట్టుకున్న. గణపతి కోసం. మద్దూరు సెంటరోడు అడిగిండు. ఏది ఏడున్నదో ఎవడేరుతడని మొత్తం కొట్టిన," అన్నాడు.

లోపల ఒక పాత కంప్యూటర్‌కు తన డిస్కు తగిలించి వెతికాడు. పెళ్ళి కార్డులు వచ్చాయి, గణపతులు వచ్చారు, ఏవో కరపత్రాలు వచ్చాయి. ప్రతి పేరునూ నేను పైకి చదువుతున్నాను. అట్టడుగున సారు పుస్తకం పేరుతో నేను పెట్టిన ఫోల్డరు కనపడింది. తెరిస్తే మొదటి పేజీ, 'అ'. నేను కుర్రవాడిలా ఏడ్చేశాను. (కుర్రవాణ్ణే అనుకోండి.) ఫార్మాటన్న సీడీలో ఎక్కించి, ఇవ్వబోయి మళ్ళీ వెనక్కి తీసుకుని, "గిది దొంగతనమా కాదా, గది చెప్పి తీస్కపో," అన్నాడు. "అన్నా, గిది బ్యాకప్," అన్నాను. ఆయన నవ్విన నవ్వుకు ఇంట్లో నుంచి వదిన బయటికి వచ్చి చూసింది.

మర్నాడు ఆయనే వచ్చి, తన దొంగ సీడీతో మళ్ళీ విండోస్ వేశాడు. చాచా తెలుగు ఫాంట్లు లినక్స్‌లో అసలు తెరుచుకునేవే కావని నాకు అప్పుడు గానీ తెలియలేదు. స్క్రూడ్రైవర్ నేనే అందించాను. కానీ గండం సగమే గట్టెక్కింది. ఆ కాపీ నేను కొమురవెల్లి పోయిన నాటిది. అందులో పుస్తకం 'మ' దాకానే ఉంది. 'య' నుంచి 'హ' దాకా ఇరవై రెండు పేజీలు లేవు. ఇప్పుడు సిగ్గు విడిచి చెబుతున్నాను, సారుకు కళ్ళు సరిగా కనపడవు కదా, నేనే పూరించేస్తే తెలియదులే అనుకున్నాను. గుర్తున్నవి కొట్టాను. సగం కూడా రాలేదు. మిగతా వాటి కోసం ఇంటికి పరిగెత్తాను. మా అవ్వ (మేం అమ్మను అవ్వ అంటాం), గల్లీలోని మరో నలుగురు ఆడవాళ్ళు ఇంటి ముందు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. "అవ్వా, 'స' తోని మాటలు చెప్పు," అన్నాను. "పని లేదా ర నీకు?" అంది అవ్వ. బతిమిలాడాను. మొదట నవ్వారు, తర్వాత ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. సిబ్బి, వాకిట చల్లే సాన్పి, సుట్టబట్ట, సద్ది. అర్థాల దగ్గర కొట్లాడుకున్నారు కూడా. వాళ్ళ చేతులు ఆగలేదు, నా కలమూ ఆగలేదు.

శుక్రవారం సారు, ప్రెస్సుకు పోయే ముందు ఆఖరిసారి చూస్తానని ప్రూఫు చదవడానికి కూర్చున్నాడు. 'మ' దాకా చూపు కాస్త ఉన్నప్పుడు చూసినవేనని తిప్పేసి, 'య' నుంచి భూతద్దం ఆనించాడు. మధ్య మధ్యలో కొన్నిచోట్ల ఆగి, తల ఎత్తి, మళ్ళీ వంచాడు. 'స' దగ్గర ఆయన వేలు నిలిచిపోయింది. "సుట్టబట్ట. బిందె కింద నెత్తి మీద పెట్టుకునే బట్ట చుట్ట," అని పైకి చదివాడు. "గిది నేను రాయలే." వేలు పైకి జరిగింది. "సిబ్బి. గంజి వంపే బొక్కల గిన్నె. గిది గూడ నేను రాయలే. మా ఇంట్ల ఉంటుండె, మా అవ్వ దీంతోనే గంజి వంపేది. గని నేను రాయలే." మళ్ళీ కిందికి పోయి వెతికి, "సోపతి, అంటే స్నేహం, నేను రాసిన. గది లేదు," అన్నాడు. భూతద్దం కింద పెట్టి నా వైపు చూశాడు. ఇక అబద్ధం రాలేదు. సోమవారం నుంచి జరిగిందంతా చెప్పేశాను, లినక్స్‌తో సహా, స్వేచ్ఛతో సహా. ఫార్మాటన్నకు వేసిన ఒట్టు ఒక్కటి మిగుల్చుకుని, ఆయన దగ్గర కాపీ ఉండిందని మాత్రం అన్నాను.

సారు మంచినీళ్ళు అడిగాడు. చాచా ఇచ్చాడు. సగం తాగి, "నీ కంప్యూటర్ల ఏముండాలో నువ్వు చూసుకో. మంచిదే. నా మాటలు తుడుస్తప్పుడు నన్ను అడిగినవా?" అన్నాడు. లేదు సార్ అన్నాను. "మనల్ని అడగకుండ మన మీద ఫైసలా చేసిన్రనే గద ర గా టెంటుల కూసున్నది? నువ్వు గూడ గదే చేసినవ్," అన్నాడు. గొంతు పెంచలేదు. బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి గానీ, అంత నొప్పి ఎప్పుడూ పుట్టలేదు. ఆయన సంచీ కూడా మరిచిపోయి మెల్లగా గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయాడు. కళ్ళ ఆపరేషన్ ఉంది, పుస్తకం లేదు, మళ్ళీ రాసే శక్తి లేదు. ఇదంతా నేను చేసింది. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుంటే బాపు, "ఏంది ర, ఉత్తగిచ్చినోడు పైసలడిగిండా?" అన్నాడు. అంతకన్నా ఎక్కువే అడిగాడు బాపూ అని చెప్పలేకపోయాను.

శనివారం పొద్దున మా గల్లీ మొదట్లో సారు కనపడ్డాడు. చాచా చెయ్యి పట్టుకుని నడిపించుకు వస్తున్నాడు. నేను గుంజ చాటుకు పోయాను. మా అవ్వ నేనేదో ఘోరం చేసి ఉంటానని (తల్లి కదా, సరిగానే ఊహించింది) చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. "నువ్వు లేవకమ్మా, కూసో. గీ మాటలు చెప్పినోళ్ళు మీరేనా?" అన్నాడు సారు. ఔనని ఆడవాళ్ళు తలలూపారు. సారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "నేను ఊరూరు తిరిగిన. వడ్లు రాసిన, ఎడ్లు రాసిన, నాగలి రాసిన. ఒక్కనాడన్న వంటింటి మొకాన పోలే. పొయ్యికాడ మాటలేవీ నా పుస్తకంల లేవు. మిమ్మల్ని అడగాల్నని నాకు తోచలే," అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండానే, "కాయితం తెచ్చుకో ర," అన్నాడు. ఆ శని, ఆదివారాలు రెండూ ఆయన ఒకటి గుర్తు చేసుకుంటే వాళ్ళు నాలుగు అందించారు. పోయినవి చాలావరకు తిరిగొచ్చాయి, సోపతితో సహా. లేనివి ఎన్నో వచ్చాయి. 'అ' నుంచి మళ్ళీ వెనక్కి పోయి కలపాల్సి వచ్చింది. టెంటులో వంతును పంతుళ్ళు దర్జీలతో మార్చుకున్నారు, ప్రెస్సు వాడిని చాచా బతిమిలాడుకున్నాడు.

ప్రెస్సుకు ఇచ్చే రోజు రెండో పేజీ ఒకటి మిగిలింది, హక్కుల పేజీ. అన్ని పుస్తకాల మీద సర్వహక్కులు రచయితవి అని ఉంటుంది కదా. చూడండి నా సిగ్గులేనితనం, అంత జరిగాక కూడా నాలోని ఉద్యమకారుడు నిద్ర లేచాడు. "సార్, హక్కులల్ల రకాలున్నయ్ సార్, లైసెన్సు అంటే," అని మొదలుపెట్టాను. సారు చెయ్యెత్తి ఆపాడు. "నువ్వు చెప్పకు. నేను చెప్త, నువ్వు కొట్టు," అన్నాడు. చాచా వెనక వచ్చి నిలబడ్డాడు. సారు బడిలో డిక్టేషన్ చెప్పినట్టు ఆగి ఆగి చెప్పాడు: "గీ మాటలు నావి గావు. ఎవరన్న అచ్చేసుకోవచ్చు. కొత్తయి కలుపుకోవచ్చు. ఉన్నయి తీసేసే ముందుగాల మాత్రం, చెప్పినోళ్ళను అడగాలె." కొట్టాను. చదివి వినిపించమన్నాడు, వినిపించాను. "అర్థమైందా?" అన్నాడు. అయింది సార్ అన్నాను. "ఏమర్థమైందో లేచి చెప్పు," అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని, ఆ నాలుగు వాక్యాలూ ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పాను. చాచా గోడ వైపు తిరిగాడు, ఈసారి నవ్వు ఆపుకోవడానికి.

ఇప్పుడు నేను రోజంతా కంప్యూటర్ల మధ్యనే ఉంటాను. ఎన్ని లైసెన్సులకు ఒప్పుకున్నానో లెక్క లేదు, ఒక్కటీ పూర్తిగా చదివిన పాపాన పోలేదు. ఏది మంచి సిస్టం అని చుట్టాలెవరైనా అడిగితే, నీకు ఏది అలవాటైతే అదే మంచిది అనే స్థాయికి దిగజారాను. కానీ ఏదైనా తీసేయబోతే తెర మీద నిజంగా తీసేయాలా అన్న ప్రశ్న వస్తుంది చూశారూ, అప్పుడు మాత్రం, జుట్టు నెరిసిన నేను కుర్చీలో కూర్చునే ఉంటాను గానీ, లోపల ఆ ఇరవై రెండేళ్ళ వాడు చేతులు కట్టుకుని లేచి నిలబడతాడు.